అరకు లోయ: భూగోళము, చరిత్రము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



అరకు అనగానే మైదాన ప్రాంతమువారికి చలిగాలి, వలిసె పూల పసుపు, రైలు సొరంగములు తలపునకు వచ్చును. శీతకాలములో రెండు దినములు పోయి చూచి వచ్చుటకు తగిన చోటని పలువురు తలంతురు. అందులో తప్పు లేదు. కాని అది చూడవచ్చినవాని అరకు. అక్కడ పుట్టి, అక్కడ దున్ని, అక్కడనే మట్టిలో కలియువాని అరకు వేరొకటి కలదు. దాని భూగోళమును, చరిత్రమును కొంత తెలిసికొనుటయే ఈ ఉపన్యాసమునకు ఉద్దేశము. అది కొండల నడిమి సీమ గనుక మూడు ప్రశ్నలు వేసికొన్నచో విషయము చాలవరకు విశదమగును. మైదానమునుండి ఆ కొండలమీదికి ఏమేమి ఎక్కినవి? ఆ కొండలనుండి మైదానమునకు ఏమేమి దిగినవి? ఈ ఎక్కుట, దిగుటల నడుమ భూమి ఎవరి చేతిలో నిలిచినది?

ముందుగా భూగోళము. విశాఖపట్టణమునకు వాయవ్యముగా సుమారు 115 కిలోమీటర్ల దూరమున, సముద్రమట్టమునకు ఇంచుమించు 900 మీటర్ల, అనగా 3,000 అడుగుల ఎత్తున, తూర్పు కనుమలలో ఈ లోయ ఉన్నది. లోయ అన్న మాట విని లోతైన గొయ్యి అని భావింపరాదు. ఇది కొండలమీద పెట్టిన పళ్ళెము వంటిది. శృంగవరపుకోట దాటిన పిమ్మట బొడ్డవర వద్ద కొండల అడుగు తగులును. అక్కడనుండి ఘాటు రోడ్డు మెలికలు తిరుగుచు టైడా, అనంతగిరుల మీదుగా పైకెక్కి, సుంకరిమెట్ట కాఫీతోటలను దాటి, మరల కొంత దిగును. ఆ దిగిన చోటనే చుట్టును కొండలు, నడుమ మెట్లుమెట్లుగా వరిమళ్ళు, గట్లపై చోడి, సామ, వలిసె చేలు కనబడును. అదియే అరకు.

ఈ కొండల రాతికి భూగర్భశాస్త్రజ్ఞులు ఖోండలైటు అని పేరు పెట్టిరి. ఇది ఈ కనుమలలో నివసించు ఖోండు జాతివారి పేరిట 1902లో వాకర్ అను శాస్త్రజ్ఞుడు పెట్టిన పేరు. లోకములో రాళ్ళకు ఊళ్ళ పేర్లు చాల కలవు గాని, ఒక గిరిజన జాతి పేరు రాతికి నిలిచిన తావులు అరుదు. ఈ రాయి వేల వేల సంవత్సరములు ఎండకును వానకును నాని, చివికి, కొన్ని కొండల నెత్తిమీద ఎర్రని బాక్సైటు పొరగా మారినది. అల్యూమినియము ఈ బాక్సైటునుండియే తీయుదురు. ఈ సంగతి గుర్తుంచుకొనదగినది; చరిత్రలో మరల దీనితో పని పడును.

ఖోండలైటు నడుమ అక్కడక్కడ సున్నపురాయి ఉన్నది. వాననీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని, కొంచెము ఆమ్లమై, ఆ సున్నపురాతిని కరగించును. అట్లు కరగి ఏర్పడినవే బొర్రా గుహలు. కరగిన సున్నము బొట్టుబొట్టుగా పైకప్పునుండి జారుచు క్రిందను మీదను స్తంభములుగా పేరుకొనును. అనేక తరముల కాలమునకు గాని అది బెత్తెడు పెరుగదు. మేయుచున్న ఆవు ఒకటి గుహ కప్పులోని రంధ్రమునుండి లోపల పడగా, దానిని వెదకుచు పోయిన పసులకాపరి లోపల శివలింగాకృతిని చూచెనని స్థానికుల కథ. గుహల పొంతనే పారు గోస్తనీ నది పేరునకు ఆవు పొదుగని అర్థము గదా.

ఇక నీటి సంగతి. గోస్తని అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా మీదుగా దిగి, తాటిపూడి జలాశయమును నింపి, భీమునిపట్టణము వద్ద సముద్రములో కలియును. తాటిపూడి నీరు పొలములకే కాక విశాఖ నగర ప్రజలకు త్రాగునీరుగా కూడ పోవుచున్నది. మాచ్‌ఖండ్ నది ఇందుకు భిన్నముగా కొండలకు పడమటి వైపున నడచును. అది మాడుగుల కొండలలో పుట్టి, ఉత్తరమునకు పారి, ఒరిస్సా సరిహద్దున డుడుమ వద్ద జలపాతమై దూకి, సీలేరుగా పేరు మార్చుకొని, శబరితో కలిసి గోదావరిలో చేరును. ఆ జలపాతము ఆధారముగా ఆంధ్ర, ఒరిస్సా ప్రభుత్వములు కలిసి కట్టిన మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రము 1955లో పనిచేయ మొదలిడినది. ఒకే కొండవరుసమీద ఇటు పడిన చినుకు భీమిలి సముద్రమునకు, అటు పడిన చినుకు గోదావరికి పోవును. మైదానములో కుళాయి త్రిప్పినవాడును, దీపము వెలిగించినవాడును ఎరిగినను ఎరుగకున్నను ఆ కొండలకు ఋణపడినవాడే.

ఆ కొండలలోని జనులెవరు? బగతలు, వాల్మీకులు, కొండదొరలు, కొటియలు, పోర్జలు, గదబలు, ఖోండులు, నూకదొరలు, మాలీలు మున్నగువారు. వీరందరును ఒకే జాతి, ఒకే భాష అనుకొనుట మైదానమువారు సాధారణముగా చేయు పొరపాటు. ఖోండుల కువి భాషయు, కొండదొరల కూబి భాషయు తెలుగునకు చుట్టములైన ద్రావిడ భాషలు. గదబలలో ఒక తెగవారి గుతోబ్ భాష ముండా కుటుంబమునకు చెందినది. సంతాలీ, సవర భాషలు దానికి జ్ఞాతులు. ఇన్ని తెగలవారును సంతలో కలిసినప్పుడు ఒండొరులతో మాటాడుకొనుటకు ఆదివాసీ ఒరియా అను వేరొక మాట కలదు. అది ఆర్యభాషా కుటుంబములోనిది. వీనికి తోడు తెలుగు. ఉప్పు బేరమాడు ఒక్క సంతలో మూడు భాషాకుటుంబములు వినబడు చోటు దేశములో ఎన్నో లేవు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు కొండదొరల భాషకు వ్యాకరణమును, పదకోశమును, కథలను కూర్చి వ్రాసిన గ్రంథము 1969లో హైదరాబాదున వెలువడినది. ఆదివాసీ ఒరియాకు తెలుగు, ఇంగ్లీషు అర్థములతో నిఘంటువు మైసూరులోని భారతీయ భాషా సంస్థ ప్రకటనగా 1989లో వచ్చినది. లిపి లేదని చులకన చేయబడిన భాషలకు గ్రంథరూపము కలిగినది. గ్రంథాలయమునకు వచ్చువారు గర్వింపదగిన సంగతి ఇది.

వారి ఇంటిపేర్లును తెలిసికొనదగినవే. కిల్లో అనగా పెద్దపులి, కొర్రా అనగా సూర్యుడు, పాంగి అనగా గద్ద, వంతాల అనగా పాము, గొల్లోరి అనగా కోతి. ఇవి వంశ గోత్రములు. ఒకే గోత్రమువారు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు. వారిలో వారికి పెండ్లిండ్లు లేవు. తమ గోత్ర జంతువును వారు చంపరు. చైత్రమాసములో ఇటుకల పండుగ వచ్చును. అప్పుడు మగవారు వేటకు పోవుదురు. విత్తనములకు పూజ జరుగును. స్త్రీలు దారికి అడ్డముగా నిలిచి, పాటలు పాడి, బాటసారులవద్ద చిల్లర కానుకలు పుచ్చుకొందురు. స్త్రీలు చేతులు వీపుల వెనుక పెనవేసికొని వరుసగా అడుగులు వేయు థింసా నృత్యము పండుగలలోను, పెండ్లిండ్లలోను సహజముగా పుట్టినది. నేడది విడిదిళ్ళ ముందర రుసుముమీద చూపబడుచున్నది. ఒకే నృత్యము ఊరిలో ఒక అర్థముతోను, విడిదిలో వేరొక అర్థముతోను నిలిచినది.

ఇప్పుడు చరిత్రము. విశాఖ మన్యము చిరకాలము జయపురము, మాడుగుల మొదలగు సంస్థానాధిపతుల అధీనములో ఉండెను. కొండమీది గ్రామములను ముఠాలుగా విభజించి, ముఠాదారులను నియమించి శిస్తు రాబట్టు పద్ధతి పలుచోట్ల నడచెను. సముద్రతీరపు ఉప్పు ఎద్దులమీద ఘాటులెక్కి జయపురమువైపు పోయెడిది. ధాన్యమును, నూనెగింజలును, అటవీ ఫలసాయమును క్రిందికి దిగెడివి. ఉప్పు కొండలలో పుట్టదు. దానిని అరువిచ్చినవాడు ఋణదాత అయ్యెను. ఋణము తీరనిచో అప్పుపడినవాడు చాకిరిచేసి తీర్చవలసివచ్చెను. గొత్తి అను పేర నడచిన ఈ వెట్టిని అణచుటకు మదరాసు ప్రభుత్వము 1940లో ప్రత్యేక శాసనము చేయవలసినంతగా ఆ ఆచారము పాతుకొనియుండెను.

ఆంగ్లేయులు ఈ కొండలను పూర్తిగా మైదానపు చట్టములక్రిందికి తేలేకపోయిరి. 1839లో చేసిన శాసనము ప్రకారము గంజాం, విశాఖపట్టణము జిల్లాల కొండప్రాంతములు సాధారణ న్యాయస్థానముల పరిధినుండి తప్పింపబడి, గవర్నరు ఏజెంటు హోదాలో కలెక్టరు చేతిలో పెట్టబడినవి. ఏజెన్సీ అను మాట అట్లు పుట్టినదే. 1874లో షెడ్యూల్డు జిల్లాల చట్టము వచ్చినది. రోడ్లపనికి బలవంతపు కూలి, పోడుపై అటవీశాఖవారి ఆంక్షలు పెరిగి పెరిగి, దక్షిణమున గూడెము, రంప కొండలలో 1922 నుండి 1924 వరకు అల్లూరి సీతారామరాజు నడపిన తిరుగుబాటుగా ప్రజ్వరిల్లెను. నేడు అరకు చేరియున్న జిల్లాకు ఆ వీరుని పేరే నిలిచినది. అది 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడినది. జిల్లా కేంద్రము పాడేరు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము వేరుపడినప్పుడు జయపురము అటు పోయెను. అరకు ఇటు మిగిలెను. కాగితముమీద గీత పడినది గాని, గీతకు ఇరువైపుల చుట్టరికములును, సంతలును, భాషయు నేటికిని ఒకటియే.

అరకు పట్టణముగా పెరుగుట ఇటీవలి కథ. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1942లో, సైనికులకు కూరగాయలు పండించుటకై పద్మాపురము తోట వేయబడినది. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట రెండవ పంచవర్ష ప్రణాళికలో ప్రత్యేక గిరిజనాభివృద్ధి బ్లాకులు ఏర్పడగా వానిలో అరకు ఒకటి అయ్యెను. ఇట్టి బ్లాకుల పనిని పరిశీలించుటకు వెరియర్ ఎల్విన్ అధ్యక్షతన నియమింపబడిన సంఘము 1960లో తన నివేదికను ఇచ్చెను. 1956లో విశాఖ కేంద్రముగా స్థాపింపబడిన గిరిజన సహకార సంస్థ, చింతపండు, తేనె, కొండచీపుళ్ళు మొదలగువానిని గిరిజనులనుండి నేరుగా కొని, వారికి నిత్యావసర వస్తువులను అమ్మ మొదలిడెను. షావుకారు తూకమునకు ప్రత్యామ్నాయముగా ఒక ప్రభుత్వ తూకము సంతకు వచ్చుట చిన్న విషయము కాదు.

ఇంతలో రైలు వచ్చెను. బస్తరులోని బైలదిల్లా కొండల ఇనుప ఖనిజమును జపానుకు ఎగుమతి చేయుటకై 1960వ దశకములో కొత్తవలస నుండి కిరండూల్ వరకు ఇంచుమించు 445 కిలోమీటర్ల దారి నిర్మింపబడినది. కనుమలను దాటుటకు యాభైకి మించిన సొరంగములు తొలిచిరి. శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉండి, చాలకాలము దేశములోని పెద్దగేజి స్టేషనులన్నిటిలోను ఎత్తైనదిగా పేరొందెను. కాశ్మీరు దారి పడిన పిమ్మట ఆ ఘనత దానికి లేదు. ఈ దారి అరకువారి కొరకు వేసినది కాదు. ఖనిజము కొరకు వేసినది. అయినను ఒక పాసెంజరు బండి కలిగెను. దానిలో కూలికి పోవువాడును, కళాశాలకు పోవు పిల్లవాడును, కూరగాయల బుట్టతో ఆడుదియు దిగిరి. విహారమునకు వచ్చువారు ఎక్కిరి. 2017లో అద్దాల పైకప్పు గల పెట్టెను ఆ బండికి తగిలించిరి.

రైలుకంటె నిదానముగా వచ్చి, అంతకంటె లోతుగా వేరూనినది కాఫీ. పూర్వము పోడు సాగు ప్రధానము. కొండవాలున చెట్లు నరికి, కాల్చి, బూడిదలో విత్తి, రెండు మూడు పంటలు తీసి, సారము తగ్గగానే మరియొక తావునకు పోవుట పోడు పద్ధతి. జనము తక్కువగా ఉన్నప్పుడు వదలిన వాలు మరల అడవియగుటకు వ్యవధి దొరకెడిది. జనము పెరిగి, అడవి తరిగిన పిదప ఆ వ్యవధి లేకపోయెను. కాఫీ మొక్క ఇందుకు విరుద్ధమైనది. దానికి నీడ కావలెను. నీడకు చెట్టు కావలెను. 1960 ప్రాంతమునుండి అటవీశాఖవారు తోటలు వేయగా, తరువాత ఐ.టి.డి.ఎ. వారు చిన్న రైతులకు మొక్కలును సహాయమును ఇచ్చి వారి సొంత భూములలో వేయించిరి. నీడకు పెట్టిన సిల్వర్ ఓక్ చెట్లమీదికి మిరియపు తీగ పాకించిరి. ఒకే నేలనుండి రెండు పంటలు. శీతకాలమున ఎర్రబారిన పండ్లను చేతితో ఏరి, పప్పుతీసి, ఎండబెట్టుదురు. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఎకరమో రెండెకరములో గల గిరిజన రైతు చేతిపంట విదేశముల దుకాణములలో తన ఊరి పేరుతోనే అమ్ముడగుచున్నది. కొండనుండి దిగిన సరకులలో పండించినవాని నేలపేరును పోగొట్టుకొనక దిగినవి బహు తక్కువ. ఇది అట్టివానిలో ఒకటి.

ఆ రైతు ఆ ఎకరము తనదని ఎట్లు నిలుపుకొనగలిగెను? మూడవ ప్రశ్న ఇదియే. సమాధానము శాసనములలో ఉన్నది. 1917 చట్టము, ఏజెంటు అనుమతి లేనిదే గిరిజనుని భూమి గిరిజనేతరునకు చెల్లదనెను. రాజ్యాంగము 1950లో ఐదవ షెడ్యూలుతో ఈ ప్రాంతములకు ప్రత్యేక రక్షణ ఇచ్చెను. 1959లో ఒకటవ రెగ్యులేషను వచ్చినది. అయినను భూమి జారుచునే ఉండుటచేత 1970లో దానిని గట్టిపరచిరి. ప్రజలు వన్ ఆఫ్ సెవెంటీ అని పిలుచుచున్నది దీనినే. షెడ్యూల్డు ప్రాంతములో గిరిజనేతరుని చేతిలోని భూమి, అన్యథా రుజువు కానంతవరకు, గిరిజనునినుండి వచ్చినదిగానే భావింపబడును. గిరిజనేతరుడు సైతము దానిని గిరిజనునికి గాక, లేదా గిరిజనుల సహకార సంఘమునకు గాక అన్యులకు అమ్మరాదు. ఇది ఆ శాసనపు సారము.

తరువాత వచ్చిన ప్రశ్న మరింత చిక్కైనది. అమ్మువాడు ప్రభుత్వమే అయినచో? అనంతగిరి మండలములో, బొర్రాకు చేరువ గ్రామములలో, ప్రభుత్వము ప్రైవేటు కంపెనీలకు గనుల కౌళ్ళు ఇచ్చినది. సమత అను స్వచ్ఛంద సంస్థ గిరిజనుల పక్షమున సుప్రీము కోర్టు వరకు పోయెను. 1997 జులై 11న తీర్పు వెలువడెను. రెగ్యులేషనులోని వ్యక్తి అను మాటలోనికి ప్రభుత్వము కూడ వచ్చునని, కనుక షెడ్యూల్డు ప్రాంతపు ప్రభుత్వ భూమిని సైతము గిరిజనేతరులకు కౌలునకు ఇచ్చుట చెల్లదని ధర్మాసనములోని అధిక సంఖ్యాకులు నిర్ణయించిరి. బొర్రా పరిసరపు కుగ్రామముల తగవు దేశములోని షెడ్యూల్డు ప్రాంతములన్నిటను ఉదాహరింపబడు తీర్పుగా మారినది.

ముందు చెప్పిన బాక్సైటు సంగతి ఇచ్చట వచ్చును. 2005 తరువాత విశాఖ మన్యపు కొండల బాక్సైటును తీయుటకు ప్రయత్నములు బలపడెను. ఆ నెత్తి పొరలే వాననీటిని పీల్చి, వాలులలో ఊటలుగా విడుచునని, పొర తీసినచో ఊట ఇంకునని గిరిజనులు ఎదిరించిరి. 2015లో చింతపల్లి, జెర్రెల అడవులలో తవ్వకమునకు అనుకూలముగా వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు 2019లో రద్దయ్యెను. పరిశ్రమలు వలదని ఎవరును అనరు. అల్యూమినియపు గిన్నె లేని ఇల్లు లేదు. కాని కొండమీదివాని ఊట ఎండినచో అతడొక్కడే నష్టపడునని అనుకొనరాదు. ఏరులన్నియు మైదానమునకే దిగుచున్నవని ముందే చూచితిమి.

శాసనమున్నంత మాత్రమున సర్వమును చక్కబడినదని కాదు. పేరు ఒకరిది, పెట్టుబడి వేరొకరిది అగు వ్యవహారములు జరుగుచున్నవను ఫిర్యాదు విహారస్థలమగు అరకులో బహుకాలముగా ఉన్నది. ప్రధాన రహదారి నున్నగా ఉండగా, దానికి కొద్ది మైళ్ళ దూరముననే దారిలేని గూడెములు కలవు. అచ్చటినుండి కాన్పునొప్పులు పడు స్త్రీని డోలీలో మోసికొని వచ్చిన వార్తలు ఇటీవలి సంవత్సరములలోను పత్రికలలో పడినవి. ఇనుపరాయి దిగుటకు కొండలు తొలిచిన దేశమునకు, ఒక తల్లి దిగుటకు బండిబాట వేయుట అసాధ్యము కాదు.

ఇప్పటికి ఆ కొండలెక్కినవి ఉప్పు, అప్పు, శిస్తు, రోడ్డు, రైలు, బడి, కాఫీ మొక్క, విహారి. దిగినవి ధాన్యము, చింతపండు, ఇనుపరాయి, కాఫీగింజ, కూలిమనిషి, అన్నిటిని మించి నీరు. ఈ రాకపోకలు ఆగునవి కావు, ఆగవలసినవియు కావు. భూమి వారి చేతిలో నిలిచినంతకాలము రాకపోకలవలన వారికిని లాభము కలుగును. భూమి జారిననాడు వారు తమ లోయలోనే కూలివారగుదురు. అరకు చరిత్రము బోధించు పాఠము ఇదియే.

ఒక ఊరి చరిత్రము రాజుల పేర్లలో మాత్రమే ఉండదు. వాగు ఎటు పారునో, సంతకు ఏమి వచ్చునో, పొలము ఎవరి పేర ఉన్నదో, ఇంటిపేరునకు అర్థమేమో, వీనిలోను ఉండును. ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయము తన బీరువాలలో తన ఊరి వృత్తాంతమునకును ఒక అర కేటాయించి, పెద్దలు జీవించియుండగనే వారి నోటిమాటలను వ్రాసి భద్రపరచినచో, స్వర్ణోత్సవము నాటికి అది వెలలేని గ్రంథమగును. ఇక మీదట అరకు చూడబోవు సభ్యులు అద్దాల పెట్టెలోనుండి కొండలను చూచునప్పుడు, ఆ కొండలు కొందరి ఇండ్లని జ్ఞప్తియందుంచుకొందురు గాక. గ్రంథాలయము దినదిన ప్రవర్ధమానమగు గాక.